కెర్నెల్ భద్రతా అప్‌డేట్లు: గోదావరి డెల్టాలో లినక్స్ వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, మండపేట చుట్టుపక్కల రైస్ మిల్లుల్లోను, రొయ్యల మేత దుకాణాల్లోను, బడుల కంప్యూటర్ గదుల్లోను ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు (లినక్స్ కెర్నెల్‌కు మిగతా సాఫ్ట్‌వేరు చేర్చి ఇచ్చే వ్యవస్థలు) వాడుతున్నవారు కెర్నెల్ అప్‌డేట్ల గురించి మమ్మల్ని అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. కమాండులను కూడా పలికే తీరులోనే రాశాం. టైపు చేసేటప్పుడు ఆంగ్ల అక్షరాల్లో కొట్టుకోవాలి.

కెర్నెల్ అంటే ఏమిటి? దానికి విడిగా భద్రతా అప్‌డేట్లు ఎందుకు వస్తాయి?

మెమరీని ఎవరికి ఎంత ఇవ్వాలి, డిస్కులోని ఏ ఫైలును ఎవరు చదవవచ్చు, నెట్‌వర్క్ నుంచి వచ్చిన సమాచారం ఏ ప్రోగ్రాముకు చేరాలి అన్నవి తేల్చేది కెర్నెలే. బ్రౌజరైనా, బిల్లింగ్ సాఫ్ట్‌వేరైనా తనకు కావలసింది దాన్నే అడిగి తీసుకోవాలి. బ్రౌజరులో లోపం ఉంటే దాడిచేసినవాడికి ఆ యూజరుకున్న అధికారం వరకే దక్కుతుంది. కెర్నెల్లో లోపం ఉంటే యంత్రం మొత్తం అతని చేతికి చిక్కుతుంది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ ఇప్పుడు మూడు కోట్లకు మించిన పంక్తుల ప్రోగ్రాము. అందులో పెద్ద భాగం రకరకాల పరికరాల డ్రైవర్లే. ఇంత పెద్ద ప్రోగ్రాములో లోపాలన్నీ ఒకనాటికి తీరిపోతాయని దాన్ని రాసేవారు కూడా అనుకోరు.

మా మిల్లులో ఉన్నది ఒక్క కంప్యూటరు. దాని ముందు కూర్చునేది మా గుమాస్తాగారొక్కరే. మాకు దీనితో పనేమిటి?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అందులో కొంత న్యాయం కూడా ఉంది. కెర్నెల్లో బయటపడే లోపాల్లో చాలావాటిని వాడుకోవాలంటే దాడిచేసేవాడికి అప్పటికే ఆ కంప్యూటరులో ఏదో ఒక ప్రోగ్రాము నడిపే వీలుండాలి. ఆ వీలు అతనికి ఎలా దొరుకుతుందన్నదే అసలు విషయం. కొనుగోలు ఆర్డరు పేరుతో ఈమెయిల్లో వచ్చిన ఫైలు తెరిచినప్పుడో, పాత బ్రౌజరులో చెడ్డ పేజీ తగిలినప్పుడో, ఎవరి దగ్గరినుంచో తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రాము నడిపినప్పుడో మొదటి అడుగు పడుతుంది. అక్కడ గుమాస్తాగారి అకౌంటుకున్న అధికారమే వస్తుంది. కెర్నెల్ లోపంతో వేసే రెండో అడుగు ఆ కొద్దిపాటి అధికారాన్ని రూట్ అధికారంగా, అంటే యంత్రం మొత్తంపై అధికారంగా, మారుస్తుంది. అక్కడి నుంచి ధాన్యం లెక్కలకు తాళం వేసి డబ్బు అడగడానికైనా, బ్యాంకు పాస్‌వర్డులు ఏరుకోవడానికైనా అడ్డుండదు.

సీవీఈ-2024-1086 అనే లోపాన్ని చూడండి (సీవీఈ అన్నది బయటపడిన భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య). కెర్నెల్లో ఫైర్‌వాల్ పనులు చూసే నెట్‌ఫిల్టర్ భాగంలో అది బయటపడింది. 2024 జనవరిలోనే కెర్నెల్ మూలంలో మరమ్మతు చేశారు. మార్చిలో ఆ లోపాన్ని వాడుకునే ప్రోగ్రాము బహిరంగంగా వచ్చింది, మే నెలాఖరుకు అమెరికా సైబర్ భద్రతా సంస్థ దాన్ని నిజమైన దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. జనవరికీ మార్చికీ మధ్య అప్‌డేట్ చేసుకున్నవారికి అది వార్త మాత్రమే. మరమ్మతు వివరాలు అందరికీ కనబడేలా ఉంటాయి కాబట్టి, దాన్ని చదివి లోపం ఎక్కడుందో పట్టుకోవడం తెలిసినవాడికి పెద్ద పని కాదు. అంటే మరమ్మతు విడుదలైన రోజు నుంచి, దాన్ని వేసుకోనివారి ప్రమాదం తగ్గకపోగా పెరుగుతుంది.

మా పాత కెర్నెల్ ఏళ్ల తరబడి నలిగినది, ఏ ఇబ్బందీ పెట్టలేదు. కొత్తదాని కంటే అదే నమ్మకం కాదా?

ఇబ్బంది పెట్టకపోవడం వేరు, లోపం లేకపోవడం వేరు. 2016 అక్టోబరులో బయటపడిన డర్టీ కౌ అనే లోపం 2007లో వచ్చిన 2.6.22 కెర్నెల్ నుంచీ, అంటే కనీసం తొమ్మిదేళ్లపాటు, ఎవరికీ ఇబ్బంది పెట్టనట్టే కూర్చుంది. దాన్ని సరిచేసేటప్పుడు టోర్వాల్డ్స్ స్వయంగా రాసిన వివరణ ప్రకారం, అప్పటికి పదకొండేళ్ల ముందే ఆయన ఒకసారి దాన్ని బాగుచేయబోతే మరో రకం ప్రాసెసరుపై ఇబ్బంది వచ్చి ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు.

కొత్తదైతే చాలునా అంటే అదీ కాదు. డర్టీ పైప్ అనే లోపం 5.8 కెర్నెల్‌తోనే వచ్చింది. అంతకు ముందరి 5.4 వాడేవారికి అది అంటనే లేదు. దాన్ని మాక్స్ కెల్లర్‌మన్ అనే ప్రోగ్రామరు పట్టుకున్న తీరు కూడా చెప్పుకోదగ్గది. డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైళ్లు చెడిపోయి ఉంటున్నాయని ఒక ఖాతాదారు 2021లో ఫిర్యాదు చేశారు. ఒక్కో ఫైలు చివర కొన్ని బైట్లు తప్పుగా పడుతున్నాయి, అంతే. ఎవరైనా డిస్కు పాడైందని వదిలేసేవారు. ఆయన మాత్రం నెలల తరబడి తీగ లాగి, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులోకి కూడా ఎవరైనా రాయగలిగే రంధ్రం కెర్నెల్లో ఉందని 2022 ఫిబ్రవరిలో తేల్చారు. మూడు రోజుల్లో మరమ్మతులు విడుదలయ్యాయి, మార్చి 7న వివరాలు లోకానికి చెప్పారు. కాబట్టి మీ కెర్నెల్ పాతదా కొత్తదా అని కాకుండా, దానికి ఇప్పటికీ ఎవరైనా మరమ్మతులు అందిస్తున్నారా అని అడగండి.

కెర్నెల్ అధికారిక సైటులో 6.12 అని, ఇంకా పైనవీ కనిపిస్తున్నాయి. నా డెబియన్‌లో 6.1 అని ఉంది. నేను వెనకబడిపోయినట్టా?

కాదు. తొమ్మిది, పది వారాలకోసారి ఒక కొత్త కెర్నెల్ వస్తుంది. వాటిలో ఏడాదికి ఒకదాన్ని దీర్ఘకాలం నిర్వహించడానికి ఎంచుకుంటారు. 5.10, 5.15, 6.1, 6.6, 6.12 అలాంటివే. డెబియన్ 12 వారు 6.1ను, డెబియన్ 13 వారు 6.12ను పట్టుకుని, కొత్త సదుపాయాలను వదిలేసి భద్రతా మరమ్మతులను మాత్రం తెచ్చి అందులో అతుకుతారు. అందుచేత పైకి కనిపించే సంఖ్యను చూసి భయపడటం ఎంత తప్పో, ధీమాగా ఉండటం కూడా అంతే తప్పు. డర్టీ పైప్‌కు కెర్నెల్ మూలంలో మరమ్మతు 5.10.102లో వచ్చింది; డెబియన్ 11 మాత్రం అదే మరమ్మతును 5.10.92-2 పేరుతో ఇచ్చింది. సంఖ్యలు మాత్రమే పోల్చి లోపాలు వెతికే భద్రతా స్కానర్లు అప్పుడు అనవసరంగా గగ్గోలు పెట్టాయంటే ఆశ్చర్యం లేదు.

డెబియన్ 12 వాడేవారు ఇంకొక సంగతి గమనించాలి. యూనేమ్ కమాండుకు మైనస్ ఆర్ చేర్చితే 6.1.0 అని మొదలయ్యే పేరు వస్తుంది, కానీ అది ప్యాకేజీ వర్గం పేరే. నడుస్తున్న కెర్నెల్ అసలు సంఖ్య, అది తయారైన తేదీ కావాలంటే మైనస్ వీ చేర్చాలి. ఆ సంఖ్యను డెబియన్ భద్రతా ప్రకటనలో ఉన్న సంఖ్యతో పోల్చుకుంటే సరిపోతుంది.

అప్‌డేట్ వేశాను. మళ్లీ రీబూట్ ఎందుకు చేయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. అప్‌డేట్ వేసినప్పుడు కొత్త కెర్నెల్ డిస్కు మీదికి వస్తుంది. యంత్రం మాత్రం క్రితంసారి స్విచ్ వేసినప్పుడు మెమరీలోకి ఎక్కిన పాత కెర్నెల్‌తోనే నడుస్తూ ఉంటుంది. కాలువ లాకుకు కొత్త షట్టరు గట్టు మీదికి చేరినంత మాత్రాన లాకు బాగుపడినట్టు కాదు కదా. దాళ్వా అయ్యాక ధవళేశ్వరం దగ్గర నీరు కట్టేసి, కాలువ ఎండాకే దాన్ని బిగిస్తారు. రీబూట్ అలాంటి కాలువ మూత. మేము చూసిన కంప్యూటర్లలో అప్‌డేట్ వేయనివి తక్కువ, వేసి నెలల తరబడి రీబూట్ చేయనివి ఎక్కువ. మూత వేసి తెరిచే ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లి వస్తుందే తప్ప రీబూట్ కాదు.

రీబూట్ పెండింగులో ఉందో లేదో ఉబుంటులో తేలిగ్గా తెలుస్తుంది: వార్ డైరెక్టరీలోని రన్ ఫోల్డరులో "రీబూట్ రిక్వైర్డ్" అనే ఫైలు ఉంటే చేయాలి. ఉబుంటు భద్రతా అప్‌డేట్లను రోజూ తనంతట తానే వేసుకుంటుంది గాని, మీరు సెట్టింగు మార్చితే తప్ప తనంతట తాను రీబూట్ కాదు.

రీబూట్ లేకుండా మరమ్మతు చేసే లైవ్‌ప్యాచ్ ఉందట కదా?

ఉంది. 2015లో వచ్చిన 4.0 కెర్నెల్ నుంచి ఆ ఏర్పాటు మూలంలోనే ఉంది. లోపమున్న ఫంక్షన్‌కు వచ్చే పిలుపులను, యంత్రం నడుస్తుండగానే, సరిచేసిన ఫంక్షన్‌కు మళ్లిస్తుంది. ఉబుంటు ప్రో పేరుతో వ్యక్తిగత వాడకానికి ఐదు యంత్రాల వరకు ఉచితంగా ఇస్తున్నారు. అయితే మెమరీలో సమాచారం అమరిక మారాల్సిన మరమ్మతులకు ఇది కుదరదు, అన్ని లోపాలకూ లైవ్‌ప్యాచ్ రాదు. ఇరవై నాలుగు గంటలూ నడిచే సర్వరుకు ఇది ఉపయోగమే. రాత్రి తొమ్మిదింటికి తాళం వేసే దుకాణానికి దీని అవసరం మాకు కనిపించదు. సాయంత్రం షట్‌డౌన్ చేసి పొద్దున స్విచ్ వేసేవారికి రీబూట్ దానంతటదే అయిపోతుంది.

సీజన్లో కంప్యూటరు ఆపడానికి వీలుండదు. ఎప్పుడు చేయమంటారు?

సార్వా ధాన్యం వచ్చే నవంబరు, డిసెంబరుల్లోను, దాళ్వా ధాన్యం వచ్చే ఏప్రిల్, మే నెలల్లోను మిల్లు ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉండగా కాటా కంప్యూటరును ఆపమని ఎవరూ అనరు. కానీ రీబూట్‌కు పట్టేది నిమిషాలే. హమాలీల భోజనాల వేళ ఒక్కరోజు కుదుర్చుకుంటే సరిపోయే పనిని సీజను అయ్యేదాకా వాయిదా వేయడం మాకు సబబనిపించదు. సీజనుకు రెండు వారాల ముందే అప్‌డేట్, రీబూట్, కాటా పరీక్ష మూడూ పూర్తి చేసుకుని, సీజను నడుస్తుండగా తీవ్రమైన లోపమని డెబియన్ గాని ఉబుంటు గాని ప్రకటిస్తేనే మళ్లీ ముట్టుకోవడం మధ్యేమార్గం. రొయ్యల పట్టుబడి రాత్రుళ్లు జరిగే చోట ఆటోమేటిక్ రీబూట్ వేళను తెల్లవారుజామున రెండింటికి పెట్టకండి. అందరూ కాటా దగ్గరుండేది అప్పుడే. మధ్యాహ్నానికి మార్చుకోండి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే?

తుఫాను రోజుల్లో ఈ భయం సహజం. ముందుగా ధైర్యం చెప్పే మాట: కొత్త కెర్నెల్ పాతదాన్ని చెరిపేసి దాని చోట కూర్చోదు, పక్కన చేరుతుంది. కరెంటు వచ్చాక యంత్రం కెర్నెల్ పానిక్ అని చూపించి ఆగిపోయిందంటే, బూట్‌కు కావలసిన ఇనిట్‌రామ్ ఫైలు సగంలో ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు స్విచ్ వేయగానే ఎస్కేప్ గాని షిఫ్ట్ గాని నొక్కి గ్రబ్ మెనూలోకి (ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే తెర) వెళ్లి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఉన్న పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. లోపలికి వెళ్లాక డీపీకేజీ కమాండుకు కాన్ఫిగర్ ఆప్షన్, మైనస్ ఏ చేర్చి ఆగిపోయిన పనిని పూర్తి చేయించి, తర్వాత అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండును మైనస్ యూ చేర్చి నడపండి. ఇన్వర్టరు మీద లేని కంప్యూటరుకు ఈదురుగాలి వేస్తున్న పూట అప్‌డేట్ మొదలుపెట్టకపోవడమే మేలు.

అప్‌డేట్ అయ్యాక కాటా బరువు తెరమీదికి రావడం మానేసింది. అప్‌డేట్ తీసేయమంటారా?

తొందరపడకండి. కాటా ఇండికేటరు నుంచి వచ్చే సీరియల్ కేబులుకు యూఎస్‌బీ కన్వర్టరు తగిలించి వాడే చోట ఇది తరచుగా జరుగుతుంది, నేరం సాధారణంగా కెర్నెల్‌ది కాదు. అలాంటి కన్వర్టర్లు రెండుంటే (కాటాకు ఒకటి, ప్రింటరుకు ఒకటి అనుకోండి), కెర్నెల్ ముందు కనిపించినదానికి టీటీవై యూఎస్‌బీ సున్నా అని, తర్వాతి దానికి ఒకటి అని పేరు పెడుతుంది. రీబూట్‌లో ఆ వరస తారుమారైతే, మీ సాఫ్ట్‌వేరు బరువు కోసం ప్రింటరును అడుగుతూ కూర్చుంటుంది. డెవ్ డైరెక్టరీలోని సీరియల్ ఫోల్డరులో బై ఐడీ అనే చోట ప్రతి కన్వర్టరుకు మారని పేరు ఒకటుంటుంది. సెట్టింగులో దాన్ని ఇవ్వండి. చౌక కన్వర్టర్లకు విడివిడి సీరియల్ నంబర్లు ఉండవు కాబట్టి, ఒకే రకానివి రెండున్నప్పుడు బై పాత్ ఫోల్డరులోని పేరు వాడి, ఏ కన్వర్టరును ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాలో రంగు టేపుతో గుర్తు పెట్టండి.

వైఫై పోతే కథ వేరు. కొన్ని డాంగిళ్ల డ్రైవర్లు కెర్నెల్లో భాగం కావు. ప్రతి కొత్త కెర్నెల్‌కూ డీకేఎంఎస్ అనే ఏర్పాటు వాటిని మళ్లీ కంపైల్ చేయాలి. కెర్నెల్ హెడర్ల ప్యాకేజీ లేకపోయినా, సెక్యూర్ బూట్‌కు కావలసిన సంతకం లేకపోయినా అది విఫలమవుతుంది. అప్పటికి పాత కెర్నెల్‌తో నడిపించుకోండి గాని దానిమీదే స్థిరపడిపోకండి. కెర్నెల్లోనే డ్రైవరున్న డాంగిలు కొనడం చివరికి చౌక.

బూట్ డైరెక్టరీ నిండిపోయిందని చూపించి అప్‌డేట్ ఆగిపోతోంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బూట్‌కు విడిగా చిన్న పార్టిషన్ కేటాయించినవారికి పాత కెర్నెళ్లు పేరుకుపోయి ఇలా అవుతుంది. ఆప్ట్ ఆటోరిమూవ్ నడిపితే అక్కర్లేనివి పోతాయి. నడుస్తున్నదాన్ని అది ముట్టుకోదు. ఆ డైరెక్టరీలోకి వెళ్లి ఫైళ్లను చేత్తో చెరపడం మాత్రం వద్దు.

"రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటు కాదు" అనే అర్థంలో ఏదో ఆంగ్లంలో వస్తోంది.

గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 సెల్లు అయిపోయిన యంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏళ్ల వెనక్కి వెళుతుంది, రిపోజిటరీ (అప్‌డేట్లు దింపుకునే సర్వరు) ఇచ్చే రిలీజ్ ఫైలులోని తేదీ దానికి భవిష్యత్తులా కనిపిస్తుంది. సెల్లు మార్చి తేదీ సరిచేస్తే చాలు.

మా బడిలో ఒకే గదిలో చాలా కంప్యూటర్లు, నెట్ మాత్రం అంతంత మాత్రం. ఒక్కో దానికీ అప్‌డేట్ దింపాలా?

అక్కర్లేదు. ఒక కంప్యూటరులో ఆప్ట్ కాషర్ ఎన్‌జీ అనే ప్యాకేజీ వేసి, మిగతావి దాని ద్వారా అప్‌డేట్లు తీసుకునేలా అమర్చితే, మొదటి యంత్రం కోసం దింపిన ప్యాకేజీనే మిగిలినవన్నీ గదిలోని నెట్‌వర్క్ మీద అందుకుంటాయి. సంతకాల తనిఖీ ఏ యంత్రానికి ఆ యంత్రమే చేసుకుంటుంది కాబట్టి భద్రతకు లోటు రాదు.

పాత 32 బిట్ యంత్రాలున్న బడులకు ఇంకొక మాట: డెబియన్ 13 వాటికి కెర్నెల్ ఇవ్వడం లేదు, డెబియన్ 12తోనే సరి. దాని దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ వరకు ఉంటుంది. ఆ తర్వాత వాటిని నెట్‌కు కలపకుండా టైపింగు నేర్పడానికి ఉంచుకోవచ్చు.

భద్రతా మరమ్మతుల వల్ల కంప్యూటరు నెమ్మదిస్తుందంటారు. నిజమేనా?

ఒక్క రకం మరమ్మతుల విషయంలో నిజం. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు వెల్లడయ్యాయి. అవి ప్రాసెసర్లలోనే ఉన్నవి. మెల్ట్‌డౌన్‌ను అడ్డుకోవడానికి కెర్నెల్ తన మెమరీ పట్టికలను సాధారణ ప్రోగ్రాముల నుంచి వేరుచేసింది. ప్రోగ్రాము కెర్నెల్‌ను పిలిచిన ప్రతిసారీ పట్టిక మారాలి కాబట్టి, డిస్కుతోను నెట్‌వర్క్‌తోను ఎడతెగని పని ఉండే సర్వర్లలో ఆ భారం తెలుస్తుంది. బిల్లులు కొట్టుకునే యంత్రంలో తెలియదు. బూట్ వరుసలో "మిటిగేషన్స్ ఆఫ్" చేర్చితే వేగం పెరుగుతుందని వీడియోల్లో చెప్పేవారు, దానితో ఏయే రక్షణలు పోతాయో సాధారణంగా చెప్పరు. వేగం కావాలంటే ఒక ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి.

సీవీఈ నంబర్లు రోజూ వస్తూనే ఉన్నాయి. అన్నీ చదవాలా?

చదవలేరు. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ బృందమే తన లోపాలకు ఈ నంబర్లు ఇస్తోంది, భద్రతతో సంబంధం ఉండే అవకాశమున్న ప్రతి మరమ్మతుకూ ఇస్తోంది. అందుకే ఏడాదికి వేలల్లో ఉంటాయి. కెర్నెల్ ఒక్కసారిగా చెడిపోయిందని దాని అర్థం కాదు. మీ డిస్ట్రిబ్యూషన్ భద్రతా ప్రకటనలు చూస్తే చాలు. మన దేశానికి సంబంధించి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చే హెచ్చరికలు కూడా ఉపయోగపడతాయి.

బ్రౌజరులో, వాట్సాప్‌లో కెర్నెల్ అప్‌డేట్ లింకులు వస్తున్నాయి. నొక్కవచ్చా?

నొక్కకూడదు. కెర్నెల్ అప్‌డేట్ ఏ లింకు ద్వారానూ రాదు. సంతకం చేసిన రిపోజిటరీ నుంచి ప్యాకేజీ మేనేజరే దింపుతుంది.

మా ఫోన్లు, రూటరు సంగతేమిటి? వాటిలోనూ లినక్సేనంటారు.

ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో ఉన్నది లినక్స్ కెర్నెలే, ఇళ్లలోని రూటర్లలో చాలావాటిలోనూ అదే. కాని ఇక్కడ మరమ్మతు మీ చేతిలో లేదు. గూగుల్ నెలనెలా భద్రతా ప్రకటన ఇచ్చినా, దాన్ని మీ మోడలుకు తగ్గట్టు మలిచి పంపాల్సింది తయారీదారు, కొన్నేళ్ల తర్వాత వారు పంపడం మానేస్తారు. సెట్టింగుల్లో ఫోన్ గురించి అనే చోట భద్రతా ప్యాచ్ తేదీ ఉంటుంది. అది ఏడాదికి మించి పాతదైతే ఆ ఫోనులో బ్యాంకు పనులు చేయవద్దని మా సలహా.

రూటరును కేబుల్ ఆపరేటరు ఇచ్చినట్లయితే ఫర్మ్‌వేర్ (రూటరు లోపలి సాఫ్ట్‌వేరు) అప్‌డేట్ ఎవరు వేస్తారని వారినే అడగండి. సొంతంగా కొన్నదైతే లాగిన్ పేజీలో అప్‌డేట్ ఉందేమో చూసి, పెట్టెతో వచ్చిన పాస్‌వర్డు మార్చి, బయటి నుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ సదుపాయాన్ని ఆపేయండి. తయారీదారు మద్దతు ముగిసిన మోడలైతే, రూటర్లలో వేసుకునే ఉచిత లినక్స్ అయిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో దాని పేరు ఉందేమో వెతకండి; ఉంటే, సరిపడా మెమరీ కూడా ఉంటే, ఆ రూటరుకు మళ్లీ కెర్నెల్ మరమ్మతులు అందుతాయి. లేకపోతే మార్చేయండి.